అదనపు చరిత్ర

ఆస్పత్రుల్లో తీసే ఎక్స్‌రే, సీటీ, ఎమ్మారై బొమ్మల్ని కంప్యూటర్లో తెరిచి చూసే సాఫ్ట్‌వేర్ రాయడం నా ఉద్యోగం. డాక్టర్ చదువు కాదు నాది, మామూలు ఇంజినీరింగే. కానీ ఆరేళ్ల నుంచీ ఊపిరితిత్తులు, వెన్నుపూసలు, మెదళ్లు చూస్తూ మధ్యాహ్నం డబ్బా విప్పుకుని తినడం అలవాటైపోయింది.

ఈ బొమ్మలన్నిటికీ ప్రపంచమంతా ఒకటే పద్ధతి ఉంది. డైకామ్ అంటారు. ఏ కంపెనీ మెషీన్ తీసిన బొమ్మనైనా ఏ కంపెనీ సాఫ్ట్‌వేరైనా తెరవగలిగేది దానివల్లే. బొమ్మతో పాటు ఫైల్లో ఒక చిట్టా ఉంటుంది. పేరు, వయసు, ఏ అవయవం, ఎంత మోతాదు, ఏ రోజు, ఎన్ని గంటలకు... వందల గళ్లు. అందులో ఒక గడి పేరు ‘అదనపు రోగి చరిత్ర’. మేం టెస్టింగ్ చేసేటప్పుడు అందులో ‘టెస్ట్ టెస్ట్’ అని కొట్టి వదిలేస్తాం. మా దగ్గరికొచ్చే ఫైళ్లలో ఎక్కువ శాతం ఆ గడి ఖాళీగానే ఉంటుంది. దాని గురించి నేనెప్పుడూ ఆలోచించలేదు, నిరుడు మా అమ్మ ఆ మెషీన్ ముందు నిలబడేదాకా.

ఈ శీర్షికలో మామూలుగా ఆఫీసుల గురించి, అద్దె ఇళ్ల గురించి, ఫోన్ల గురించి రాస్తుంటాను. ఈ వారం ఇంటి సంగతి. అమ్మని అడిగే రాస్తున్నాను. ‘‘రాయి. పసరు సంగతి కూడా రాయి, సిగ్గేంది’’ అంది.

మాది కురిచేడు. గుంటూరు నుంచి నంద్యాల పోయే లైన్లో వినుకొండ దాటాక వస్తుంది. మా నాన్న కంది, మిర్చి వేస్తాడు. అమ్మకి నలభై తొమ్మిదేళ్లు. సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు అమ్మ దగ్గర ఏదో ఆకు వాసన వచ్చింది. ఎండిన పసరు వాసన. జాకెట్టు మీద పచ్చటి మరక. ‘‘ఏందమ్మా ఇది?’’ అంటే ‘‘ఏం లేదులే, చెమట పొక్కులు’’ అంది. జనవరిలో చెమట పొక్కులేంటి? రాత్రి పడుకున్నాక మళ్లీ అడిగాను. చీకట్లో నా చెయ్యి పట్టుకుని తన ఎడమ రొమ్ము మీద పెట్టింది. రేగిపండంత గడ్డ. గట్టిగా ఉంది, కదలడం లేదు.

మూడు నెలలైందట. నాన్నకి చెప్పలేదు. పక్కూర్లో ఒకాయన పసరు కట్టు కడతాడని ఎవరో చెబితే, చెల్లెల్ని తోడు తీసుకుని పోయింది. ఆకు పసరులో ఏదో బూడిద రంగు పొడి కలిపి ఇస్తాడు. వారం వారం వెళ్లి తెచ్చుకుంటోంది. ‘‘కరుగుతుందంట అమ్మాయ్. నొప్పి లేదుగా, నొప్పి లేకపోతే భయం లేదంట’’ అంది.

నిజం దీనికి తలకిందులు. రొమ్ములో క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలామందికి నొప్పి పెట్టదు. ఆరేళ్లుగా మామోగ్రామ్‌లు పెద్దవి చేసి, చిన్నవి చేసి, వెలుతురు సరిచేసి చూపించే కోడ్ రాస్తున్న నాకు ఈ సంగతి తెలుసు. మా అమ్మకి చెప్పాలని ఒక్కసారీ తట్టలేదు. పసరాయన మీద కోపం తెచ్చుకోవడానికి నాకేం హక్కుంది?

పండగ మర్నాడే తెల్లవారుజామున రైలెక్కాం. నాన్న స్టేషన్‌దాకా వచ్చి, ఏం మాట్లాడకుండా అమ్మ చేతిలో డబ్బులు పెట్టి వెళ్లిపోయాడు. నరసరావుపేట దాటేదాకా అమ్మ కిటికీలోంచే చూస్తూ కూర్చుంది.

గుంటూరులో ఒక స్కానింగ్ సెంటర్. పేరు వద్దులెండి. మామోగ్రామ్ అంటే రొమ్ముని రెండు పలకల మధ్య నొక్కిపట్టి ఎక్స్‌రే తీస్తారు. నొక్కితేనే లోపలున్నది ఒకదాని మీద ఒకటి పడకుండా విడివిడిగా కనపడుతుంది, కిరణాల మోతాదూ తగ్గుతుంది. తీశారు. ఐదు నిమిషాలు గడిచాయి. లోపలి గదిలోంచి రేడియాలజిస్టు మేడమ్ స్వయంగా బయటికొచ్చింది. ఇది మామూలుగా జరగదు. రేడియాలజిస్టు అంటే చీకటి గదిలో కూర్చుని బొమ్మలు చూసి రిపోర్టు చెప్పే మనిషి. రోగికి ఆమె మొహం తెలీదు, ఆమెకి రోగి మొహం తెలీదు. మా సాఫ్ట్‌వేర్ కూడా అలాగే తయారు చేశాం, ఏ ఊర్నుంచైనా ఎవరైనా చూసేట్టు.

‘‘ఏమైనా పూశారా అమ్మా?’’ అని అడిగింది. అమ్మ నా వైపు చూసింది. ‘‘లేదు మేడమ్’’ అంది. ఆమె ఇంకేం అనలేదు. నా వైపు తిరిగి ‘‘మీ అమ్మగారికి మంచినీళ్లు తెస్తావా?’’ అంది. నేను నీళ్లు తెచ్చేసరికి అమ్మ కళ్లు తుడుచుకుంటోంది. నర్సు తడి దూదితో చర్మమంతా శుభ్రం చేస్తోంది. మళ్లీ తీశారు.

విషయం ఏంటంటే, మొదటి బొమ్మలో గడ్డ చుట్టూ ఇసుక చల్లినట్టు తెల్లటి చుక్కలున్నాయి. రొమ్ములో సున్నం చేరితే అలాంటి చుక్కలే కనపడతాయి, కొన్ని రకాల చుక్కలు క్యాన్సర్‌కి గుర్తు. కానీ చర్మం మీద పౌడర్ ఉన్నా, సెంటు రాసుకున్నా, జింకు ఉండే పూతమందు రాసినా అచ్చం అట్లాగే కనపడతాయి. మామోగ్రామ్‌కి వచ్చేరోజు పౌడర్ పూసుకోవద్దని చెప్పేది అందుకే. పసరులో కలిపిన ఆ బూడిద పొడిలో ఏ లోహం ఉందో గానీ, ఎక్స్‌రేకి అడ్డం పడింది. కడిగి తీసిన రెండో బొమ్మలో చుక్కలు పోయాయి. గడ్డ పోలేదు. అంచులు ముళ్లలా ఉన్నాయి.

రిపోర్టులో ‘బైరాడ్స్ 4సీ’ అని రాశారు. క్యాన్సర్ అయ్యే అవకాశం సగం నుంచి నూటికి తొంభై ఐదు దాకా అని దానర్థం. ఆ అర్థం నాకు తెలుసు కాబట్టి కాగితం మడిచి బ్యాగులో పెట్టుకున్నాను.

తర్వాత వారం బయాప్సీ. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ తుపాకీ లాంటి సూదితో గడ్డలోంచి దారమంత ముక్కలు నాలుగైదు తీస్తారు. లోపలికి నన్నూ రానిచ్చారు. మేడమ్ చేతులు కడుక్కుంటోంది. ఈలోగా అసిస్టెంట్ అబ్బాయి, మంచివాడే పాపం, ‘‘ఇప్పుడు సూది పొడుస్తారు ఆంటీ, బాగా నొప్పి పుడుద్ది, భయపడబాకండి, కదిలారంటే మళ్లీ పొడవాల్సొస్తది’’ అన్నాడు. అమ్మ వేళ్లు నా మణికట్టు మీద బిగుసుకున్నాయి. ఆ గాజుల అచ్చు రెండు రోజులుంది.

మేడమ్ వచ్చి కూర్చుంది. ఆ అబ్బాయిని ఏమీ అనలేదు. ‘‘ముందు ఇక్కడ మొద్దుబారేట్టు మందిస్తాను. తర్వాత టప్‌మని శబ్దం వస్తుంది, కాగితాలకి పిన్ను కొడతారు చూడండి, అట్లా. ఆ శబ్దం నాది. మీకు దాంతో పనిలేదు. మీరు నాకొక పని చేసిపెట్టండి. మీ ఊళ్లో రైలు దిగి ఇంటికెట్టా పోవాలో చెప్పండి, ఎప్పుడన్నా వస్తా’’ అంది. అమ్మ చెప్పడం మొదలుపెట్టింది. ఎటు తిరగాలో, ఎవరిల్లు దాటాలో, మధ్యలో కుక్క ఉంటుందనీ, సాగర్ కాలవలో నీళ్లు వదిలిన రోజుల్లో ఆ పక్క గాలి ఎట్లా చల్లగా ఉంటుందో కూడా. టప్. ‘‘కాలవ దాటాక?’’ టప్. ‘‘దాటేది లేదు మేడమ్, ఇవతలే మా ఇల్లు.’’ ఐదు టప్‌లు అయ్యేసరికి అమ్మ మా ఇంటి అరుగు మీదికి చేరింది. నా చెయ్యి ఎప్పుడు వదిలేసిందో నేను గమనించలేదు.

బయట కాగితాలు తీసుకునేటప్పుడు మేడమ్‌ని అడిగాను, ఇదంతా ఎక్కడ నేర్చుకున్నారని. నవ్వింది. వాళ్ల నాన్నగారు ఆయుర్వేద వైద్యుడట. నాడి పట్టుకుని ముందు పొలం సంగతో, పెళ్లి సంగతో మాట్లాడించేవారట. ‘‘కానీ గడ్డ అని వస్తే మాత్రం నాన్న ముట్టుకునేవారు కాదు. ముందు ఫొటో తీయించుకు రమ్మని గుంటూరు పంపేవారు’’ అంది. అని, ‘‘మా వాళ్లలోనే ఎల్వీరా లాంగ్ అని ఒకావిడ ఉంది. నీకు ఇంగ్లీషు పేపర్లు చదవడం వచ్చుగా, చూడు’’ అంది.

చదివాను. ఫలితం రావడానికి వారం పడుతుందన్నారు, ఆ వారమంతా నాకు వేరే పని ఏముంది?

ఎల్వీరా లాంగ్ జర్మనీ నుంచి అమెరికా వెళ్లిన రేడియాలజిస్టు. అందులోనూ ఇంటర్వెన్షనల్ రేడియాలజీ, అంటే బొమ్మ చూస్తూ రక్తనాళాల్లోకి గొట్టాలు దూర్చి, శరీరం కొయ్యకుండా చికిత్స చేసే శాఖ. రోగి మెలకువగానే ఉంటాడు. భయపడతాడు, కదులుతాడు, బీపీ పెరుగుతుంది. మత్తు ఎక్కువిస్తే ఊపిరి తగ్గుతుంది. దీనికి ఆమె ఎంచుకున్న దారి వింటే మన దగ్గర చాలామంది నవ్వుతారు. హిప్నోసిస్. స్టేజీ మీద మ్యాజిక్ షోల్లో చూసే రకం కాదు. బల్ల మీదున్న మనిషికి ఒక కాగితం చదివి వినిపిస్తారు: కళ్లు పైకెత్తండి, రెప్పలు మూసి గట్టిగా ఊపిరి తీసుకోండి, వదులుతూ తేలిపోతున్నట్టు అనుకోండి, మీకు నచ్చిన చోటికి వెళ్లండి. రోగి తనంతట తాను చేసుకునేదే.

నవ్వేవాళ్లకి జవాబుగా ఆమె లెక్క తీసింది. 2000లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. 241 మంది రోగులు. లాటరీ వేసినట్టు మూడు గుంపులు చేశారు: ఒక గుంపుకి మామూలు వైద్యం, రెండో గుంపుకి పక్కనే ఒక మనిషి కూర్చుని శ్రద్ధగా చూసుకోవడం, మూడో గుంపుకి ఆ శ్రద్ధతో పాటు హిప్నోసిస్. మత్తుమందు అడిగితే ముగ్గురికీ ఇస్తారు. మామూలు గుంపు సగటున 1.9 మోతాదులు వాడితే మిగతా రెండు గుంపులూ 0.8, 0.9 దగ్గర ఆగాయి. టైము గడిచేకొద్దీ మొదటి రెండు గుంపుల్లో నొప్పి పెరుగుతూ పోయింది, హిప్నోసిస్ గుంపులో పెరగలేదు. పని పూర్తవడానికి మామూలు గుంపులో 78 నిమిషాలు, హిప్నోసిస్ గుంపులో 61. బీపీ, గుండె గాడి తప్పడం మామూలు గుంపులో 12 మందికి, హిప్నోసిస్ గుంపులో ఒక్కరికి.

2006లో మా అమ్మకి చేసినలాంటి రొమ్ము బయాప్సీ మీదే చేశారు, 236 మంది ఆడవాళ్లతో. మామూలు గుంపులో బల్ల మీద పడుకున్న కాసేపట్లోనే ఆందోళన పెరిగింది. శ్రద్ధ చూపిన గుంపులో ఎక్కడిదక్కడే ఉంది. హిప్నోసిస్ గుంపులో తగ్గింది.

వీటికంటే నన్ను పట్టుకున్నది 2005 నాటి ఇంకో పేపర్. చికిత్స గదిలో తీసిన వీడియోలు పెట్టుకుని ఎవరు ఏ మాటన్నారు, ఆ తర్వాత రోగి నొప్పి ఎంతని చెప్పాడు అని చూశారు. ‘నొప్పి పుడుతుంది’, ‘మంట పుడుతుంది’ అని ముందే హెచ్చరిస్తే నొప్పీ ఎక్కువైంది, ఆందోళనా ఎక్కువైంది. అయ్యాక ‘అయ్యో, బాగా నొప్పేసింది కదా’ అని సానుభూతి చూపిస్తే నొప్పి పెరగలేదు గానీ ఆందోళన పెరిగింది. చదువుతుంటే నా మణికట్టు మీద గాజుల అచ్చు గుర్తొచ్చింది. పాపం ఆ అబ్బాయి తన డ్యూటీ చేశాడు. మనందరం చేసేదే అది. పిల్లలకి ఇంజెక్షన్ వేయించేటప్పుడు ‘చీమ కుట్టినట్టుంటదిరా’ అంటాం. చీమనెందుకు తెస్తాం మధ్యలోకి?

నా వృత్తికి దగ్గరగా అనిపించిన ముక్క ఇంకోటుంది. కంతుల రక్తనాళాలు మూసేసే చికిత్సలో కూడా ఇలాగే మూడు గుంపులతో పరీక్ష మొదలుపెట్టారు. 201 మంది దగ్గర మధ్యలోనే ఆపేయాల్సొచ్చింది. ఎందుకంటే కేవలం ప్రేమగా మాట్లాడిన గుంపులో ఇబ్బందులు ఎక్కువయ్యాయి. మామూలు గుంపులో 26 శాతానికి, హిప్నోసిస్ గుంపులో 12 శాతానికి ఇబ్బంది వస్తే, ప్రేమ గుంపులో 48 శాతానికి వచ్చింది! పక్కవాళ్ల ఓదార్పు మీదే ఆధారపడేట్టు చేసి, తనంతట తాను తట్టుకునే దారి చూపించకపోవడమే కారణం కావచ్చని వాళ్ల ఊహ. ఆమె నమ్మిన దాంట్లో ఒక భాగం ఓడిపోయింది. దాచకుండా 2008లో అచ్చేయించింది. నేను రాసిన కోడ్ పనిచేయడం లేదని నా టెస్టులే చెబితే నాకు ఎంత చిరాకో నాకు తెలుసు. అందుకని ఆవిడంటే గౌరవం.

‘ఇంటిగ్రేటివ్ మెడిసిన్’ అనే మాట ఇప్పుడు మన పట్నాల్లోనూ బోర్డుల మీద కనపడుతోంది. సమగ్ర వైద్యం, సమ్మిళిత వైద్యం అని రకరకాలుగా రాస్తున్నారు. ఒక బోర్డు కింద యోగా, ఒక బోర్డు కింద కప్పింగు, ఇంకో బోర్డు కింద ఏదో చుక్కలమందు. లాంగ్ చేసిన పని పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. ఆమె గొట్టం తీసేసి హిప్నోసిస్ పెట్టలేదు. ఎక్స్‌రే అట్లాగే ఉంది, సూది అట్లాగే ఉంది. దాంతో పాటు ఇది. దీనికీ సూదికి పెట్టినన్ని పరీక్షలు పెట్టింది.

బొమ్మ ముందు, మిగతావి తర్వాత అనే ఈ వరస మా ప్రాంతానికి కొత్తేం కాదు. పొదిలి, దర్శి, కనిగిరి పక్క ముసలివాళ్లలో నడుం వంగి, మెడ తిరగనివాళ్లని నా చిన్నప్పుడు చాలామందిని చూశాను. నూనెలు రాసేవాళ్లు, కాపడం పెట్టేవాళ్లు, వాతం అనేవాళ్లు. ప్రకాశం జిల్లా 1970లో ఏర్పడింది, అంతకుముందు ఆ తాలూకాలు నెల్లూరు జిల్లాలో ఉండేవి. 1937లో షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, నాయర్ అనే నలుగురు డాక్టర్లు ఈ నేలలోని జబ్బుని మద్రాసు ప్రెసిడెన్సీలో ఫ్లోరోసిస్‌గా గుర్తించి పేపర్ రాశారు. వాళ్లలో బర్నార్డ్ రేడియాలజిస్టు. మద్రాసు జనరల్ ఆస్పత్రిలోని రేడియాలజీ సంస్థకి ఇప్పటికీ ఆయన పేరే. ఫ్లోరైడ్ చేరిన ఎముక ఎక్స్‌రేలో సున్నపురాయిలా తెల్లగా, ఒత్తుగా కనపడుతుంది. కీళ్ల దగ్గర కండర తాళ్లు కూడా గట్టిపడిపోతాయి. నూనె మర్దనా వల్ల కాస్త హాయి ఉండొచ్చు, కాదనను. కానీ తప్పు బావిలో ఉంది. మా తాతమ్మ నడుముకి యాభై ఏళ్లు ఆముదం రాశారు. ఆ యాభై ఏళ్లూ అదే బావి నీళ్లు తాగింది.

ఎముకల బొమ్మల దగ్గరికొస్తే మనవాడొకాయన ప్రపంచానికే పాఠం చెప్పాడు. కాకర్ల సుబ్బారావు గారు, కృష్ణా జిల్లా పెదముత్తేవి. విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివి, 1951లో అమెరికా వెళ్లి, తిరిగొచ్చి ఉస్మానియాలో పాఠం చెప్పి, మళ్లీ వెళ్లి న్యూయార్క్‌లో ప్రొఫెసరై, ఎన్టీఆర్ పిలిస్తే వచ్చి నిమ్స్‌కి తొలి డైరెక్టరయ్యారు. 2021 ఏప్రిల్‌లో పోయారు. చీకటి గదిలో కూర్చునే శాఖ నుంచి వచ్చిన మనిషి ఆస్పత్రినే నడిపాడు. రేడియాలజిస్టు రోగి ముందుకి రాడు అనే నా అభిప్రాయం ఎంత తప్పో ఆయన జీవితం చూస్తే తెలుస్తుంది.

పుత్తూరు కట్టు సంగతి కూడా చెప్పాలి. తిరుపతి జిల్లా పుత్తూరు దగ్గర ఆకుపసరు, కోడిగుడ్డు సొన, వెదురుబద్దలతో విరిగిన ఎముకలకి కట్టు కడతారు. తమిళనాడు నుంచి కూడా వస్తారు జనం. నా పదేళ్లప్పుడు చెయ్యి విరిగితే మా మేనమామ అక్కడికే తీసుకుపోదామన్నాడు. ఎముక సూటిగా ఉండి చీలిక మాత్రమే వస్తే కదలకుండా కట్టే ఏ కట్టుకైనా అతుక్కుంటుంది. ముక్కలు పక్కకి జరిగితే, గాయం తెరుచుకుంటే పసరు ఏం చేయగలదు? ఏది ఏదో చెప్పేది ఎక్స్‌రే. కట్టు మంచిదా చెడ్డదా అని మా ఇంట్లో ఇరవై ఏళ్లు వాదించుకున్నారు గానీ, కట్టుకి ముందు ఫొటో తీశారా అని ఎవరూ అడగలేదు. (నా చేతికి పిండికట్టే వేశారు. కాస్త వంకరగానే ఉంది. టైపింగ్‌కి అడ్డం లేదు.)

వారానికి అమ్మ రిపోర్టు వచ్చింది. క్యాన్సరే. రెండో స్టేజి. ‘‘ముందే వచ్చుంటే మొదటిదయ్యేదా?’’ అని అమ్మ సర్జన్‌ని అడిగింది. ఆయన ‘‘ఇప్పుడొచ్చారు, అది చాలు’’ అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు, జవాబూ చెప్పలేదు. మూడు నెలల్లో ఎంత పెరిగిందో ఎవరు చెప్పగలరు? 2018లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ పేరుతో నడిచే పత్రికలో ఒక లెక్క వచ్చింది. శరీరమంతా పాకని క్యాన్సర్ ఉండి, ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ వద్దని ప్రత్యామ్నాయ వైద్యం ఒక్కటే ఎంచుకున్న 281 మందిని మామూలు వైద్యం చేయించుకున్నవాళ్లతో పోల్చారు. మొత్తం మీద చనిపోయే ప్రమాదం రెండున్నర రెట్లు. రొమ్ము క్యాన్సర్‌లో ఐదున్నర రెట్లు దాటింది. మా ఊరి నుంచి ఎవరైనా ఇది చదువుతుంటే, ఈ ఒక్క లెక్క మీ పిన్నికో అత్తకో చదివి వినిపించండి.

ఆపరేషన్ అయింది. కీమో అయింది. ఇరవై ఐదు రోజుల రేడియేషన్ అయింది. మధ్యలో అమ్మకి జుట్టు పోయింది, నోరు పూసింది, నాన్న వంట నేర్చుకున్నాడు. ఇదంతా రాస్తే ఇంకో నాలుగు వారాలు పడుతుంది.

ఇప్పుడు టామాక్సిఫెన్ అనే మాత్ర రోజూ వేసుకోవాలి, ఏళ్ల తరబడి. ఈ మధ్య నేను ఇంటికెళ్తే పొయ్యి మీద ఏదో కాగుతోంది. పసుపు, మిరియాల కషాయం. మేనత్త చెప్పిందట, క్యాన్సర్ మళ్లీ రాదని. ఈసారి నేను కోప్పడలేదు. గుంటూరుకి ఫోన్ చేసి క్యాన్సర్ డాక్టర్‌ని అడిగాం, స్పీకర్లో, మేనత్తని కూడా పక్కన కూర్చోబెట్టుకుని. కూరలో పసుపు వేసుకోండి, చారులో మిరియాలు వేసుకోండి, ఏం కాదు. కషాయంగా కాచి, మాత్రలుగా చేసి పెద్ద మోతాదులో వద్దు అన్నాడు. నెదర్లాండ్స్‌లో టామాక్సిఫెన్ వాడేవాళ్ల మీద ఒక చిన్న అధ్యయనం జరిగింది. పసుపులోని కర్క్యుమిన్‌ని పెద్ద మోతాదులో ఇస్తే రక్తంలో ఆ మందు తగ్గింది. దాంతోపాటు మిరియంలోని పైపరిన్ కూడా ఇస్తే ఇంకాస్త తగ్గింది. అంటే మా మేనత్త కషాయానికి ఏ ప్రభావమూ లేదని కాదు, ఉంది కాబట్టే భయం. మేనత్తకి ఈ మాట నచ్చింది. ‘‘చూశావా, మందే మరి’’ అంది. గిన్నె దించేసింది.

ఊపిరి మాత్రం అమ్మ వదల్లేదు. రేడియేషన్ గదిలో ఒక్కదాన్నే పడుకోబెట్టి తలుపు వేస్తారు కదా, ఆ కాసేపూ రైలు దిగి ఇంటికి నడిచేదట. ‘‘ఒక్కోరోజు కుక్క దగ్గరే ఆపేస్తారు అమ్మాయ్, ఇల్లు చేరకుండానే’’ అనేది.

ఆఫీసులో నేను ఒక చిన్న మార్పు కోసం గొడవ పడుతున్నాను. బొమ్మ తెరవగానే ఆ ‘అదనపు రోగి చరిత్ర’ గడి పైనే కనపడాలి, ఖాళీగా ఉంటే పసుపు రంగులో కనపడాలి అని. ఎవరు నింపుతారు, టెక్నీషియన్‌కి టైమెక్కడిది అని మా మేనేజర్ అంటాడు. అది నిజమే. రోజుకి వంద మందికి తీసేచోట ‘ఏం పూశారు, ఏం మింగుతున్నారు’ అని అడిగి, లేదంటే నీళ్లకి కూతుర్ని బయటికి పంపి మళ్లీ అడిగేంత తీరిక ఎవరికుంది? రెండు వారాల నుంచీ ఆ టికెట్ అట్లాగే పెండింగులో ఉంది.

పోయిన నెల ఏడాది మామోగ్రామ్‌కి మళ్లీ గుంటూరు వెళ్లాం. వరసలో మా ముందు కూర్చున్నావిడ వినుకొండ పక్కనుంచి వచ్చింది. మొదటిసారి. చీర కొంగు వేళ్లకి చుట్టుకుంటూ ‘‘నొక్కుతారంట కదక్కా, బాగా నొప్పంట కదా?’’ అని అమ్మని అడిగింది. అమ్మ కాసేపు ఆలోచించింది.

‘‘పౌడరేమన్నా పూసుకొచ్చావా?’’ అంది. ఆవిడ తలూపింది. ‘‘పో, అక్కడ కుళాయి ఉంది, కడుక్కునిరా. వచ్చాక మీదే ఊరో చెబుదువుగాని.’’